మూడో అంతస్తులో కూర్చున్న రోజులు

మా పెళ్ళి కుదిర్చిన పెద్దమనిషి మా నాన్నతో అన్న మాట ఒకటే. "అబ్బాయికి బెజవాడలో వాటా ఉంది." గుడివాడ పక్కన మా ఊళ్ళో వాటా అంటే ఆస్తిలో భాగం. అన్నదమ్ములు పంచుకున్నాక ఎవరికి వచ్చింది వాళ్ళ వాటా. మా నాన్న ఇంకో ప్రశ్న వేయకుండా ప్రధానానికి ఒప్పేసుకున్నాడు. పిల్ల సొంత గోడల మధ్యకు వెళుతోందని అందరికీ చెప్పుకున్నాడు కూడా.

బెజవాడలో వాటా అంటే అద్దెకిచ్చే భాగమని ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. గుణదల కొండ కింద పెంకుటింట్లో గదిన్నర, గోడ వారగా పొయ్యి పెట్టుకోవడానికి ఒక చూరు. అదీ మా వాటా. పెళ్ళైన నెలకి మా నాన్న బియ్యం మూట భుజాన వేసుకుని వచ్చాడు. అంతా తిరిగి చూసి, ఇంటివాళ్ళ వైపు తలుపు దగ్గర ఆగాడు.

"మీ వాటా ఎక్కడిదాకా బాబూ?" అని మా ఆయన్ని అడిగాడు.

"ఈ గోడ దాకా మావయ్యా."

"ఆ గోడ ఎవరిది?"

"ఇంటివాళ్ళది."

"మరి ఈ గది?"

"ఇదీ ఇంటివాళ్ళదే మావయ్యా. మనం అద్దె ఇస్తాం."

మా నాన్న నేనిచ్చిన మజ్జిగ తాగి, కండువా దులుపుకుని బస్టాండుకు వెళ్ళిపోయాడు. మరుసటి వేసవిలో మా ఊరి కాలవ పక్కన అయిదు సెంట్ల స్థలం నా పేరున రాయించాడు. కాగితం నా చేతిలో పెట్టి, "ఇది మా ఊరి వాటా" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఆ స్థలంలో నేను ఏమీ కట్టలేదు. పక్కింటి రైతు అక్కడ గడ్డివామి వేసుకునేవాడు. ఏడాదికి ఒకసారి వెళ్ళి చూసి వచ్చేదాన్ని.

ఆ తర్వాత యాభై ఏళ్ళు వాటాల్లోనే గడిచిపోయాయి. అన్నీ గుణదల చుట్టుపక్కలే. మా ఆయన లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తా. నేను వన్‌టౌన్ కొట్ల నుంచి చీరలు తెచ్చుకుని ఫాల్స్ కుట్టేదాన్ని, జాకెట్లకు కాజాలు తీసేదాన్ని. కొండ తిరునాళ్ళు వస్తే మూడు రోజులూ వరండా ఇంటివాళ్ళ చుట్టాలది. మా చాపలు, చెప్పులు లోపలికి తీసుకునేవాళ్ళం. అది తప్పని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మా ఆయన నన్ను నడకకి తీసుకెళ్ళేవాడు. నడక అంటే కట్టుబడిలో ఉన్న ఇళ్ళు చూడటం. తాపీ మేస్త్రీలు ఉండరు, గోడలు తడిగా ఉంటాయి, తలుపులు ఉండవు. ఆయన చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాడు. ఎవరిదో ఇల్లు, ఇంకా ఇల్లు కూడా కాలేదు, అయినా చెప్పులు విడిచేవాడు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మెల్లగా నడిచేవాడు. నేను బయట నీడలో నిలబడి, "పదండి, ఎండ ముదురుతోంది" అనేదాన్ని.

కొనలేక కాదు. ఒకసారి బుడమేరు వైపు రెండు గదుల ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఆయన మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ నేనే "వచ్చే ఏడు చూద్దాం, ధర దిగుతుంది" అన్నాను. దిగలేదు. తర్వాత రాజధాని వస్తుందన్నారు, ధరలు లేచాయి. లేచాయి కదా, తగ్గాక చూద్దామన్నాను. రాజధాని రాదన్నారు, ధరలు పడ్డాయి. పడుతున్నాయి కదా, ఇంకా పడనివ్వండి అన్నాను. మళ్ళీ వస్తుందనేసరికి మా ఆయన లేడు.

మొన్నామధ్య బుడమేరు పొంగినప్పుడు ఆ రెండు గదుల ఇల్లు ఉన్న వీధి కిటికీల దాకా మునిగింది. టీవీలో చూసి మా అబ్బాయితో, "చూశావా, అందుకే ఆగమన్నాను" అన్నాను. బియ్యం కడుగుతున్న మా కోడలు తలెత్తకుండానే అంది.

"మీరు వరద గురించి ఆగలేదుగా అత్తయ్యా. ధర గురించి ఆగారు."

రెండు రోజులు నేను ఆ పిల్లతో మాట్లాడలేదు. మాట నిజమైనందుకే మాట్లాడలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కోడలు రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని చేస్తుంది. పొద్దున్నే ఆరింటికి వెళ్ళి, జనం చేతుల్లోంచి రక్తం తీస్తుంది. ఈ ఏడు తిరునాళ్ళు అయిన వారానికి, ఆ పిల్లే కబురు తెచ్చింది. ఇబ్రహీంపట్నంలో ఒక అపార్ట్‌మెంటు సగం లేచింది. అందులో ఒక ఫ్లాటు మన అందుబాటులో ఉంది. నెలాఖరు దాకా ఆపుతానని అక్కడి మేనేజరు మాటిచ్చాడు. బ్యాంకు లోను వస్తుంది, కానీ ముందు కట్టాల్సింది ఉంది. అది నా అయిదు సెంట్లు అమ్మితేనే వస్తుంది. గడ్డివామి రైతు కొనడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఆ మాట చెప్పడానికి కోడలు ఎంత కష్టపడిందో నాకు కనిపించింది. మా అబ్బాయి మాత్రం, "మీరిద్దరూ ఏదంటే అదే" అని బండి తాళం తీసుకుని బయటికి పోయాడు.

"ఇంకో ఏడాది ఆగితే ఏం?" అన్నాను.

"పాప మెట్ల మీద కూర్చుని చదువుకుంటోంది అత్తయ్యా. ఇంకో ఏడాది ఆగితే అది ఇంకో తరగతి మెట్ల మీదే చదువుతుంది."

నా మనవరాలి సంగతి తెచ్చింది కాబట్టి నేను వెంటనే కాదనలేకపోయాను. అలాగని ఔననలేకపోయాను. ఆ కాలవగట్టు స్థలం తప్ప నాది అని చెప్పుకునేది ఈ భూమ్మీద ఏమీ లేదు. అది పోయాక ఈ ఇల్లు కుదరకపోతే, నేను ఎవరి గోడకు ఆనుకోవాలి?

"కూర్చుని చూసి చెబుతాను" అన్నాను.

"కూర్చోవడం ఏంటి?"

"చీర కొనేటప్పుడు మడత విప్పి చూడవూ? ఇల్లూ అంతే."

"చీర గంటలో చూస్తారు. ఇల్లు ఎన్నాళ్ళు చూస్తారు?"

"ఎండ ఎటు తిరుగుతుందో తెలిసేదాకా."

"మనకి వాస్తు లేదుగా అత్తయ్యా."

"వాస్తు లేకపోతే ఎండ ఉండదా? పగలు లైటు వేయాల్సిన ఇల్లు నాకొద్దు."

కోడలికి సెలవు దొరకదు. బస్సు ఎక్కడ దిగాలో చెప్పింది. "థర్డ్ ఫ్లోరు. మూడోది. మెట్లెక్కగానే ఎడమ పక్కది. లిఫ్టు ఇంకా రాలేదు, మెల్లగా ఎక్కండి" అంది.

మర్నాడు పొద్దున్నే క్యారేజీలో పెరుగన్నం, సంచిలో నాలుగు చీరలు, ఫాల్స్, సూదిదారం, గుర్తులు పెట్టుకునే సుద్దముక్క పట్టుకుని వెళ్ళాను. వాచ్‌మన్ భార్య ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చింది. "మూడోదేనా మామ్మగారూ? వెళ్ళండి" అంది. ఒక్కో అంతస్తు దగ్గర ఊపిరి తీసుకుంటూ ఎక్కాను. ఎడమ పక్కన తలుపు లేని గుమ్మం. ఎవరూ చూడకపోయినా నా చెప్పులు బయటే విడిచాను.

ఆ గదులు ఎలా ఉన్నాయో చెప్పడం కష్టం. ఏమీ లేని గదిలో అన్నీ ఉన్నట్టుంటుంది. సున్నం లేదు, కిటికీకి రెక్కలు లేవు. తడి సిమెంటు వాసన, మా ఊళ్ళో తొలకరి పడ్డ కళ్ళం వాసనలా చల్లగా ముక్కుకి తగిలింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాను. దూరంగా థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, వాటి మీద పొగ, ఏకి వదిలేసిన దూదిలా కదలకుండా ఉంది. ఇంకా అవతల కృష్ణ ఒక సన్నటి వెండి అంచు. చీరకి అంచు ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ ఆగుతుందో నా వేళ్ళకి తెలుసు. ఆ అంచు ఎక్కడ ఆగిందో తెలియలేదు.

తొమ్మిదింటికి ఎండ ఎక్కడ నిలిచిందో నేల మీద సుద్దతో గీత గీశాను. పన్నెండింటికి ఒకటి. మూడింటికి ఒకటి. కిటికీ గట్టు మీద తెల్లటి ఫాల్ గుడ్డ పరిచి, సాయంత్రానికి ఎంత బూడిద పడుతుందో చూశాను. కొంచెం మాసింది. గుణదల రోడ్డు దుమ్ముకి ఇంతకంటే ఎక్కువే మాసేది.

రెండో రోజూ వెళ్ళాను, మూడో రోజూ వెళ్ళాను. ఆ గీతలన్నీ మొదటి రోజే తేలిపోయాయని తెలిసినా వెళ్ళాను. చీర ఒళ్ళో వేసుకుని కుడుతుంటే, సూది తనంతట తాను నడిచేది. గాలి ఒక గదిలోంచి వచ్చి ఇంకో గదిలోంచి పోయేది. మధ్యాహ్నం కునుకు పట్టేది. కళ్ళు మూసినా తెరిచినా అదే గది. వంటగదిలో ఎవరో పోపు పెడుతున్నట్టు, పాప బల్ల దగ్గర బొమ్మలకి రంగులు వేస్తున్నట్టు. ఒకసారి మా ఆయన చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. ఒక గది చూశాడు, ఇంకో గది చూశాడు. నన్ను చూసి, "ఎండ ముదురుతోందే, పద" అనలేదు. నా మాట ఆయన ఎందుకంటాడు? గోడ మీద చెయ్యి వేసి, "ఇంకా తడిగానే ఉంది" అన్నాడు. కళ్ళు తెరిచి చూస్తే నా అరచేయి గోడ మీద ఉంది. గోడ నిజంగానే తడిగా ఉంది. కింద వాచ్‌మన్ గోడలకి నీళ్ళు పడుతున్నాడు.

నేను మామూలుగా కలలు కనే మనిషిని కాను. వృథాగా కూర్చోవడం నాకు చేతకాదు. కానీ ఆ ఆరు రోజుల్లో నాలుగు చీరలు కూడా పూర్తి కాలేదు. కొట్టువాడు అడిగితే కంటికి నీరు కారుతోందని అబద్ధం చెప్పాను.

ఆరో రోజు కోడలికి వారానికొకసారి వచ్చే సెలవు. పదకొండింటికి వస్తానంది. పదకొండు దాటింది. పైనుంచి ఎవరో నడుస్తున్న చప్పుడు. తర్వాత గొంతు వినిపించింది.

"అత్తయ్యా. అత్తయ్యా, ఎక్కడున్నారు?"

"ఇక్కడే ఉన్నానమ్మాయ్. పైకెందుకెళ్ళావ్?"

మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి వచ్చింది. కోడలు గుమ్మంలో ఆగి, కుర్చీని, సంచిని, నేల మీద గీతల్ని చూసింది. నా ముఖం చూసింది.

"మీరు ఎవరి ఇంట్లో కూర్చున్నారు అత్తయ్యా?"

"మూడో అంతస్తన్నావుగా. కింది ఇళ్ళు ఒకటి, వాటి పైన రెండు, ఇది మూడు."

"కిందది గ్రౌండు. అది లెక్కలోకి రాదు. ఇది రెండోది. మనది పైనుంది."

"కింద మనుషులు ఉండరా? వాళ్ళది అంతస్తు కాదా?"

"ఉంటారు. కానీ లెక్కలో ఉండరు."

"ఇదేం లెక్కే?"

కోడలు గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. నాకు కోపం రావాలి. వచ్చిందో లేదో కూడా గుర్తులేదు. ఒక మాటని నమ్మి వేరేవాళ్ళ ఇంటిని మనదనుకోవడం మా నాన్నతోనే పోయిందనుకున్నాను. నాకూ వచ్చిందన్నమాట. ఆ తర్వాత నేనూ నవ్వాను. నవ్వితే నాకు దగ్గు వస్తుంది. కోడలు నీళ్ళ సీసా ఇచ్చింది.

"ఆరు రోజులు అత్తయ్యా. పాపం ఈ ఇంటివాళ్ళకి తెలిస్తే అద్దె అడుగుతారు."

"అడగనీ. ఎండ ఎక్కడ పడుతుందో గీసిపెట్టాను, దానికి కూలి నేనడుగుతాను."

పైకి ఎక్కాం. అదే గుమ్మం, అవే గదులు. కిటికీ దగ్గరికి వెళితే అదే పొగ, కృష్ణ మాత్రం ఇంకొంచెం వెడల్పుగా కనిపించింది. వెనక్కి తిరిగితే, లోపలి చిన్న గది గోడ మీద పెన్సిలు గీతలు కనిపించాయి. నిలువుగా రెండు, అడ్డంగా ఒకటి.

"ఇవెవరు గీశారు?"

కోడలు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత, "నేనే" అంది. "డ్యూటీ దిగాక రెండుసార్లు వచ్చాను. మీకు చెప్పలేదు. చెబితే కొనేసినట్టు మాట్లాడుతున్నావంటారని."

"ఏంటివి?"

"మీ చీరల మూటలు పెట్టుకునే అర. ఇక్కడ కిటికీ వెలుగు మీ ఎడమ చేతి వైపు నుంచి వస్తుంది, కుట్టేటప్పుడు సూది మీద నీడ పడదు. అడ్డగీత మీ చెయ్యి అందే ఎత్తు. ఇప్పుడు స్టూలు ఎక్కుతున్నారుగా, పడితే ఎవరు చూస్తారు?"

"నా చెయ్యి ఎంత ఎత్తు అందుతుందో నీకెలా తెలుసు?"

"మీ టేపుతోనే కొలిచాను. మీరు కొండీకి జాకెట్లు తగిలించే చోటు."

నా టేపు నాలుగు రోజులు కనిపించక మనవరాలిని తిట్టాను. అది ఎక్కడికి పోయిందో అప్పుడు అర్థమైంది. చెయ్యెత్తి చూశాను. వేళ్ళు సరిగ్గా ఆ గీత మీద ఆనాయి. చాచాల్సిన పని లేకపోయింది.

గదిలోంచి గదిలోకి ఒకసారి నడిచాను. ఆరు రోజులు నేను ఇల్లు పరీక్ష చేస్తున్నాననుకున్నాను. పరీక్ష చేసేదాన్నయితే ఎన్నో మెట్టెక్కానో చూసుకునేదాన్ని కాదా? ఎండ, బూడిద అని పేర్లు పెట్టుకుని ఉత్తినే కూర్చున్నాను. కాదనడానికి ఒక్క వంక కూడా వెతకలేదు. వెతకడం నాకు రాక కాదు. యాభై ఏళ్ళు అదే పని చేశాను. ఈసారి కూర్చోవాలనిపించింది, అంతే. ఆ ఇల్లు ఎవరిదైనా ఇల్లు ఇల్లే. ఇక ఆగి చూసేదేముంది?

"ఆ మేనేజరుకి నెలాఖరున చెబుతావా?" అన్నాను.

"నెలాఖరు దాకా టైముంది అత్తయ్యా. మీరు ఇంకా చూడాలంటే..."

"చూసింది చాలు. ఇవాళే చెబుదాం పద. వంటగది గట్టు రెండంగుళాలు దించమంటాను. ఒప్పుకోకపోతే గంట కూర్చుంటాను. కూర్చోవడం నాకు అలవాటైంది."

గట్టు మాట తేలడానికి మేనేజరు దగ్గర గంటన్నర పట్టింది. ఒప్పుకున్నాడు.

పత్రాల్లో నా పేరు కూడా రాయించాలని కోడలు పట్టుపట్టింది. "నా వయసు చూస్తే బ్యాంకువాళ్ళు లోను కాగితం చింపేస్తారు. మీ ఇద్దరి పేర్లే రాయించు. ఆ చిన్న గది నాది, అది కాగితం మీద అక్కర్లేదు" అన్నాను. అన్నంత తేలిగ్గా లేదు లోపల.

స్థలం రిజిస్ట్రేషనుకి ఇద్దరం బస్సులో వెళ్ళాం. ఆఫీసులో సంతకం చేయించారు. మూడో తరగతి దాకా చదివినా నా సంతకం గుండ్రంగా ఉంటుంది. తర్వాత వేలిముద్ర మిషను మీద వేలు పెట్టమన్నారు. పెట్టాను. గుమాస్తా తెర వైపు చూసి, "పడటం లేదమ్మా" అన్నాడు. బొటనవేలు తుడుచుకుని పెట్టాను. పడలేదు. రెండో వేలు, మూడో వేలు. ఏళ్ళ తరబడి సూది నెట్టి నెట్టి నా వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయట.

"ఏం పని చేసేవారు మామ్మగారూ?"

"చేసేవారు కాదు, ఇంకా చేస్తున్నాను" అన్నాను.

గడ్డివామి రైతు బెంచీ మీద కూర్చుని మెల్లగా కాళ్ళు ఊపుతున్నాడు. ఒక్క క్షణం, ముద్ర పడకపోతే బాగుండునని నాకు అనిపించింది. మిషనే వద్దంటే నేనేం చేయను, స్థలం నాదగ్గరే ఉండిపోతుంది, మళ్ళీ ఆగొచ్చు. కాలవ గట్టు, గడ్డి వాసన, కాగితం నా చేతిలో పెట్టిన మనిషి చెయ్యి, అన్నీ ఆ గాజుపలక మీద కదిలినట్టయింది.

కోడలు నా ముఖం చూసింది. నా చెయ్యి తీసుకుని కిందికి వేలాడేలా పట్టుకుంది. ల్యాబులో నరం దొరకని ముసలివాళ్ళకి చేసినట్టు, మణికట్టు నుంచి వేలి కొసదాకా మెల్లగా రుద్దింది. రుద్ది ఆగింది. మళ్ళీ రుద్దింది. తొందరపెట్టలేదు. వద్దంటే వదిలేసేలాగే పట్టుకుంది. చెయ్యి వెచ్చబడింది. నేనే వేలు తీసుకెళ్ళి గాజు మీద పెట్టి, గట్టిగా నొక్కాను.

"పడింది" అన్నాడు గుమాస్తా.

తిరుగు బస్సు హనుమాన్ జంక్షన్ దగ్గర చాలాసేపు ఆగింది. కోడలు కిటికీలోంచి జామకాయలు కొంది. బస్సు కదిలాక మినుము తీసేసిన చేలు వెనక్కి పోతున్నాయి. ఎండలో అవన్నీ లేతగా, రంగు వెలిసిన చీరల్లా, ఒకదాని మీద ఒకటి మడతలు పడుతున్నాయి. ఆ మడతల మధ్య చిన్న గది కిటికీ మాత్రం, గోడ లేకుండా, మాతోపాటే వస్తున్నట్టుంది. దానికి రెక్కలు పెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియదు.

"బాధగా ఉందా అత్తయ్యా?" అంది కోడలు. ఆఫీసులో పట్టుకున్న చెయ్యి ఇంకా వదల్లేదు.

"ఉంది" అన్నాను. "చెయ్యి వదులు, చెమట పడుతోంది. ఫోను తీసి ఆ మేనేజరుకి చెయ్యి. చిన్న గదికి తెల్లరంగే వేయమను. పసుపు వేశాడంటే మధ్యాహ్నం కళ్ళు నొప్పి."